రబ్బరు పాలు పడనివారు

"నాకు వంకాయ పడదు", "ఆయనకు పల్లెనీళ్ళు పడవు" అని మనం నిత్యం అనుకుంటూ ఉంటాము. అలర్జీ అనే మాట మన ఊళ్ళకు రాకముందే మన పెద్దలు ఈ "పడదు" అనే చిన్న మాటలో ఆ భావాన్నంతా ఇమిడ్చారు. అయితే ఈ మాటను మనం తిండికి, నీటికి, మందులకు వాడినంతగా వస్తువులకు వాడము. చేతికి వేసుకునే తొడుగు కూడా ఒక మనిషికి పడకపోవచ్చునని నాకు తెలిసివచ్చినది మా ఇంటిలోనే.

మా అమ్మకు తుంటి ఎముకకు శస్త్రచికిత్స జరిగి, సన్నీవేల్‌లోని మా ఇంటికి వచ్చిన నాలుగవ రోజు అది. పగటి పూట సాయంగా ఉండేందుకు ఒక తెలుగు ఆవిడ మొదటిసారిగా మా ఇంటికి వచ్చారు. ముప్పై ఏళ్ళుగా ఈ ప్రాంతంలోని వృద్ధుల ఇళ్ళలోను, ఆశ్రమాలలోను సేవ చేసిన అనుభవం ఆవిడది. చేతులు కడుక్కోవడానికి వంటింటిలోకి వెళ్ళి, వెంటనే తిరిగి గుమ్మం బయటికి వచ్చి నిలబడ్డారు. "బాబూ, గట్టు మీద ఆ డబ్బాలోవి రబ్బరు తొడుగులేనా? అయితే ముందు వాటిని బయట పెట్టించండి. నాకు పడవు" అన్నారు. ఆ డబ్బాను చవకగా వచ్చిందని కొని తెచ్చినవాడిని నేనే.

మంచం మీద నుంచి అమ్మ ఆ మాట విన్నది. "అందుకేనేమోరా, నీవు కట్టు మార్చిన దగ్గరనుంచి చెయ్యి తగిలిన చోటల్లా దద్దుర్లు లేస్తున్నాయి. మందు వేడి చేసిందేమోనని ఊరుకున్నాను" అన్నది. అరటిపండు తింటే నాలుక దురద పెడుతుందని ఆవిడ ఎన్నో ఏళ్ళుగా చెబుతూనే ఉన్నది. శస్త్రచికిత్సకు ముందు ఆసుపత్రివారి కాగితంలో "అలర్జీలు" అన్నచోట "లేవు" అని వ్రాసిన చెయ్యి కూడా నాదే. పాలిమరుల రసాయనశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్న కొడుకు ఇంటిలో ఉండగా జరిగిన సంగతి ఇది. ఆ తరువాత జరిపిన రక్తపరీక్షలో అమ్మకు రబ్బరు పాలు పడవని తేలినది. కేవలం దద్దుర్లతో పోయినది కనుక ఈ వ్యాసం వ్రాయగలుగుతున్నాను.

తల్లిదండ్రులు మన వద్దకు వచ్చి ఉండడం, వారికి ఇంటి వద్దనే వైద్యసేవ అందడం మన కుటుంబాలలో నానాటికీ ఎక్కువవుతున్నది. మనవారిలో ఆ సేవనే వృత్తిగా చేపట్టినవారూ ఉన్నారు. ఈ ఇరుపక్షాలకూ ఉపయోగపడుతుందనే ఆశతో ఈ నాలుగు మాటలు.

చెట్టు పాలు చేతితొడుగైన కథ

జిల్లేడు కొమ్మ విరిచినా, మర్రి ఆకు తుంచినా తెల్లని పాలు కారడం మనమెరిగినదే. అటువంటి పాలే రబ్బరు చెట్టు నుంచీ కారుతాయి. ఈ చెట్టు శాస్త్రీయ నామం హెవియా బ్రెజిలియెన్సిస్. మన ఆముదం, కర్రపెండలం, జెముడు ఏ కుటుంబానికి చెందినవో ఇదీ ఆ కుటుంబానికే చెందినది. దీని పుట్టిల్లు అమెజాన్ అడవులు. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు బ్రెజిల్ నుంచి సుమారు 70,000 గింజలను లండన్‌లోని క్యూ తోటలకు చేర్చాడు. అక్కడ మొలిచిన మొక్కలు సింహళానికి, మలయాకు ప్రయాణం కట్టాయి. నేడు కేరళలో విస్తరించి ఉన్న రబ్బరు తోటలన్నీ ఆ వంశానివే.

ఈ పాలలో రబ్బరు మూడవ వంతు పైచిలుకు ఉంటుంది. అధిక భాగం నీరు. మాంసకృత్తులు నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే. మన కథ అంతా ఆ ఒకటి రెండు పాళ్ళలోనే ఉన్నది. రసాయనికంగా రబ్బరు అంటే ఐసోప్రీన్ అనే చిన్న అణువులు వేల సంఖ్యలో గొలుసుగా పేర్చుకొని ఏర్పడిన పెద్ద అణువు. ఈ గొలుసు ఎవరికీ హాని చేయదు. పాలలో రబ్బరు సన్నని బొట్లుగా తేలుతూ ఉంటుంది. ఆ బొట్లను అంటిపెట్టుకొని, చుట్టూ ఉన్న ద్రవంలో కరిగి మాంసకృత్తులు ఉంటాయి. చెట్టుకు గాయమైనపుడు దానిని మూసివేయడం, బూజు పురుగుల నుంచి రక్షించడం వీటిలో కొన్నింటి పని. చెట్టును కాపాడే ఆ మాంసకృత్తులే కొందరు మనుషులకు శత్రువులవుతున్నాయి.

చేతితొడుగులు తయారు చేసే పద్ధతి చూడడానికి సులువైనదే. పింగాణీతో చేసిన చేతి అచ్చులను మొదట కాల్షియం లవణపు ద్రావణంలోను, తరువాత రబ్బరు పాలలోను ముంచుతారు. అచ్చు మీద పాలు పొరగా పేరుకుంటాయి. దానిని వేడినీటిలో నానబెట్టి కడుగుతారు. ఆపైన గంధకం, దానికి తోడుగా చర్యను త్వరితపరచే రసాయనాల సాయంతో వేడి చేసి గట్టిపరుస్తారు. గంధకంతో రబ్బరును గట్టిపరచే ఈ కిటుకును 1839లో కనిపెట్టినవాడు ఛార్లెస్ గుడ్‌ఇయర్. వేడినీటి కడుగుడు ఎంత బాగా జరిగితే అంతగా మాంసకృత్తులు పోతాయి. ఆ కడుగుడులో తొందరపడితే అవి తొడుగుకు అంటుకొని మిగిలిపోతాయి.

వైద్యంలో ఈ తొడుగులు ప్రవేశించిన సందర్భం చిత్రమైనది. 1889–90 ప్రాంతంలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుని వద్ద పనిచేసే నర్సు కెరొలిన్ హాంప్టన్‌కు, క్రిమిసంహారిణిగా వాడే పాదరస లవణం వలన చేతుల చర్మం పాడయినది. ఆమె చేతులను కాపాడడానికి హాల్‌స్టెడ్ పలుచని రబ్బరు తొడుగులు చేయించాడు. చర్మపు బాధ నుంచి ఒక ఆరోగ్య సేవకురాలిని రక్షించడానికి పుట్టిన వస్తువు, నూరేళ్ళ తరువాత వేలాది ఆరోగ్య సేవకుల చర్మానికీ ఊపిరికీ ముప్పు తెచ్చినది.

పొడి తెచ్చిన చేటు

ఎయిడ్స్ వ్యాధి వెల్లడైన తరువాత, 1987లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ ప్రతి రోగి రక్తాన్నీ అంటువ్యాధి కలిగినదానిగానే భావించి జాగ్రత్త పడవలెనని సూచించినది. 1991 డిసెంబరులో కార్మిక భద్రతను చూసే ఓషా సంస్థ దీనికి చట్టబద్ధత కల్పించినది. ఒక్కసారిగా తొడుగుల గిరాకీ విపరీతంగా పెరిగినది. ఆ ఒత్తిడిలో సరిగా కడగని సరుకు విపణిలోకి వచ్చి ఉండవచ్చునని పలువురు నిపుణుల అభిప్రాయం.

దీనికి తోడు, తొడుగు సులువుగా ఎక్కడానికి లోపల మొక్కజొన్న గంజిపొడి చల్లేవారు. మాంసకృత్తులు ఆ పొడికి అంటుకుంటాయి. తొడుగు విప్పినపుడల్లా పొడి గాలిలోకి లేచి, గంటల తరబడి తేలి, గదిలో ఉన్నవారందరి ముక్కులోకీ ఊపిరితిత్తులలోకీ చేరుతుంది. రబ్బరును తాకనివారు కూడా ఈ విధంగా దాని బారిన పడ్డారు. 1997లో అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధనా సంస్థ నియోష్ వెలువరించిన హెచ్చరికలో, నిత్యం రబ్బరు తొడుగులతో పనిచేసే ఆరోగ్య సిబ్బందిలో నూటికి 8 నుంచి 12 మందిలో ఈ అలర్జీకి బీజం పడినదని, సామాన్య ప్రజలలో ఈ సంఖ్య 1 నుంచి 6 వరకు ఉండవచ్చునని పేర్కొన్నారు. మా ఇంటికి వచ్చిన ఆవిడ ఆ రోజులలోనే పనిలో చేరినవారు. ఆరేళ్ళు ఏ బాధా లేకుండా వాడి, ఏడవ ఏట తుమ్ములతో మొదలై ఉబ్బసం దాకా వచ్చినదని ఆవిడ నాతో చెప్పారు.

మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1998 సెప్టెంబరు 30 నుంచి రబ్బరు పాలతో చేసిన వైద్య వస్తువుల పెట్టెల మీద ఆ సంగతిని విధిగా ముద్రించవలెనని, "అలర్జీ తక్కువ" అనే అర్థం వచ్చే ప్రచారం చేయరాదని నిర్దేశించినది. కట్టకడపటికి 2017 జనవరి 18 నుంచి పొడి చల్లిన వైద్య చేతితొడుగులను అమెరికాలో పూర్తిగా నిషేధించినది. జర్మనీ ఈ పనిని 1990 దశకం చివరిలోనే చేసి, సిబ్బందిలో కొత్త కేసులను గణనీయంగా తగ్గించుకోగలిగినది.

మన సన్నీవేల్ పాఠకులకు ఇందులో ఒక చమత్కారం తోచవచ్చును. సిలికాన్ చిప్పులు తయారుచేసే శుభ్రమైన గదులలోకి పొడి చల్లిన తొడుగులను అనుమతించరు. ఒక్క ధూళికణం పడినా చిప్పు పాడవుతుందని అందరికీ తెలుసు. చిప్పుకు పనికిరాని పొడి మనిషి ఊపిరికి మాత్రం పనికివస్తుందని ఎన్నో ఏళ్ళు ఊరుకున్నాము!

అయితే నిషేధమైనది పొడి మాత్రమే, రబ్బరు తొడుగులు కావు. పొడి లేని రబ్బరు తొడుగులు నేటికీ దుకాణాలలో దొరుకుతున్నాయి. నేను తెచ్చిన డబ్బా అటువంటిదే.

దురదలన్నీ ఒకటి కావు

తొడుగు వేసుకున్నపుడు కలిగే బాధలు మూడు రకాలు. వీటిని వేరు చేసి చూడడం చాలా అవసరం.

మొదటిది కేవలం ఒరిపిడి వలన కలిగేది. మాటిమాటికి చేతులు కడగడం, తడి ఆరకముందే తొడుగు వేయడం, లోపల చెమట పట్టడం వలన చర్మం ఎండి పగులుతుంది. ఇది అలర్జీ కాదు. కాని పగిలిన చర్మం గుండా మాంసకృత్తులు లోనికి చేరడం సులభమవుతుంది కనుక దీనిని అలక్ష్యం చేయరాదు.

రెండవది రబ్బరును గట్టిపరచడానికి వాడే థయురాములు, కార్బమేట్‌లు మొదలైన రసాయనాల వలన కలిగేది. తొడుగు తగిలిన ఒకటి రెండు రోజులకు చర్మం ఎర్రబడి, పొక్కులు లేచి, తామర వలె మారుతుంది. ఇది బాధాకరమే గాని ప్రాణాంతకం కాదు. ఒక రసాయన శాస్త్రజ్ఞుడుగా ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పవలసి ఉన్నది. ఇవే రసాయనాలను కృత్రిమమైన నైట్రైల్ తొడుగులలో కూడా వాడుతారు. "రబ్బరు మానివేసి నైట్రైల్ వాడినా తగ్గలేదు" అనేవారి బాధకు ఇదే కారణం కావచ్చును. అటువంటివారు చర్మవైద్యుని వద్ద పట్టీ పరీక్ష చేయించుకొని, ఆ రసాయనాలు లేకుండా తయారైన తొడుగులను ఎంచుకోవలెను.

మూడవది అసలైన రబ్బరు పాల అలర్జీ. ఇక్కడ శత్రువు మాంసకృత్తి. మన రోగనిరోధక వ్యవస్థ దానిని అపాయకారిగా పొరబడి ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. ఇవి మాస్ట్ కణాల మీద కాపలా భటుల వలె కూర్చొని ఉంటాయి. మరల ఆ మాంసకృత్తి ఎదురైన వెంటనే ఆ కణాలు హిస్టమిన్ మొదలైన పదార్థాలను గుమ్మరిస్తాయి. నిమిషాలలోనే దద్దుర్లు, కళ్ళ దురద, తుమ్ములు, ఆయాసం కలుగుతాయి. తీవ్రమైనపుడు గొంతు వాచి, రక్తపు పోటు పడిపోయి, ప్రాణానికే ముప్పు వస్తుంది. దీనినే అనఫిలాక్సిస్ అంటారు.

ఇంకొక సంగతి. చర్మం మీద కంటె, శరీరం లోపలి తడి పొరలకు రబ్బరు తగిలినపుడు ప్రమాదం ఎక్కువ. అందుకే శస్త్రచికిత్సలో వాడే తొడుగులు, మూత్రనాళంలో ఉంచే గొట్టాలు చేతి మీది తొడుగు కంటె అపాయకరం.

అరటికీ రబ్బరుకూ చుట్టరికం

రబ్బరు పాలలోని అలర్జీకారకాలకు శాస్త్రజ్ఞులు హెవ్-బి-1 మొదలుకొని 15 వరకు వరుస సంఖ్యలు ఇచ్చారు. వీటిలో ఆరవది హెవియిన్ అనే చిన్న మాంసకృత్తి. బూజును ఎదిరించడానికి చెట్టు దీనిని వాడుకుంటుంది. అటువంటి అమరికే కలిగిన మాంసకృత్తులు అరటి, అవకాడో, చెస్ట్‌నట్ కాయలలో కూడా ఉన్నాయి. కివి పండు కూడా ఈ కోవలో చేరేదే. తాళంచెవి ఒకటైనపుడు ఇల్లు వేరైనా తలుపు తెరుచుకున్నట్లు, రబ్బరుకు అలవాటుపడిన ప్రతిరక్షకం అరటిపండును చూసి కూడా రెచ్చిపోతుంది. కొందరికి బొప్పాయి, టమాటా, బంగాళాదుంప, కర్రపెండలం కూడా పడకపోవచ్చును.

అరటిపండు తింటే దురద పెట్టేవారందరికీ రబ్బరు పడదని దీని అర్థం కాదు. అలాగే రబ్బరు పడనివారందరూ అరటిపండు మానవలసిన పని లేదు. తిని ఏ బాధా లేనివారు నిశ్చింతగా తినవచ్చును. కాని "అరటిపండు తింటే నోరు దురద" అని పెద్దవారు అన్నపుడు, అది చాదస్తమని కొట్టివేయక వైద్యునికి చెప్పడం మన బాధ్యత. నేను ఆ పని చేయలేదు.

ఎవరికి ముప్పు ఎక్కువ?

వెన్నెముక సరిగా మూసుకోకుండా పుట్టిన పిల్లలు అందరికంటె ముందు వరుసలో ఉన్నారు. పుట్టిన నాటి నుంచి శస్త్రచికిత్సలు, మూత్రపు గొట్టాలు తప్పవు కనుక, వీరిలో కొన్ని అధ్యయనాల ప్రకారం సగం మందికి పైగా ఈ అలర్జీకి లోనయ్యారు. ఆ పిల్లలకు మొదటి రోజు నుంచే రబ్బరు తగలకుండా చూడడం ఇప్పుడు వైద్యుల ఆచారం. పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగినవారు, రబ్బరు పరిశ్రమలో పనిచేసేవారు, ఏళ్ళ తరబడి తొడుగులు వాడిన నర్సులు, దంతవైద్యులు, సహాయకులు తరువాతి వరుస. ఇదివరకే ఉబ్బసం, తామర వంటి తత్వం ఉన్నవారికి ముప్పు మరింత ఎక్కువ. మా అమ్మకు అంతకుముందే గుంటూరులో నాలుగు శస్త్రచికిత్సలు జరిగి ఉన్నాయి.

నిర్ధారణకు రక్తంలో రబ్బరుకు చెందిన ఐజీఈని కొలిచే పరీక్ష ఉన్నది. అయితే అది కొందరిలో లోపాన్ని పట్టుకోలేకపోవచ్చును. కనుక రోగి చెప్పే చరిత్రకే వైద్యులు ఎక్కువ విలువనిస్తారు. ఇంటిలో తొడుగు వేసి చూసి పరీక్షించుకోవడం మాత్రం ఎన్నడూ చేయరాదు.

ఇల్లు ఆసుపత్రి కాదు

ఆసుపత్రిలో ఏ వస్తువు కొనవలెనో నిర్ణయించే శాఖ ఒకటి ఉంటుంది. ఒకసారి రబ్బరు మానవలెనని నిర్ణయిస్తే భవనమంతటా అది అమలవుతుంది. ఇంటి విషయం అట్లా కాదు. నర్సు తన సంచీలో తెచ్చేది కొంత, ఫార్మసీ నుంచి వచ్చేది కొంత, మనం కొనేది కొంత, ఎప్పటి నుంచో ఇంటిలో పడి ఉన్నది కొంత. నర్సు సంచీలో అన్నీ నైట్రైల్ తొడుగులే ఉన్నా, సింకు పక్కన అంట్లు తోమే రబ్బరు తొడుగు ఉండనే ఉంటుంది. కావున ఈ పని సేవాసంస్థ ఒక్కటే చేయగలిగినది కాదు. కుటుంబమూ చేయి కలపవలెను.

మొదట, సేవాసంస్థలో పేరు నమోదు చేయించేటప్పుడే రబ్బరు సంగతి చెప్పవలెను. బెలూన్ ఊదినపుడు పెదవులు వాచాయా, దంతవైద్యుని వద్ద నోరు దురద పెట్టినదా, ఏ పండైనా పడదా, ఎన్ని శస్త్రచికిత్సలు జరిగాయి అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు తెలుగులో అమ్మానాన్నలను అడిగి తెలుసుకొని చెప్పవలెను. మన పెద్దలు పరాయివారి ముందు "ఏమీ లేదమ్మా, బాగానే ఉన్నాను" అనడం అలవాటు. ఆ మాటను యథాతథంగా అనువదించి ఊరుకోరాదు.

రెండవది, ఇల్లంతా ఒకసారి కలియజూడవలెను. చేతితొడుగులు, మూత్రపు గొట్టాలు, రక్తం తీసేటప్పుడు చేతికి బిగించే పట్టీ, సాగే కట్టుబట్టలు, అతికించే పట్టీలు, రక్తపు పోటు కొలిచే పరికరపు గొట్టాలు, చంకకర్రల మెత్తలు, వేడినీటి సంచులు, పాలసీసా పీకలు, రబ్బరు బ్యాండ్లు, బెలూన్లు — వీటిలో రబ్బరు పాలు ఉండే అవకాశం ఉన్నది. ముంచి తీసిన పలుచని వస్తువులలో మాంసకృత్తులు ఎక్కువ. టైర్ల వంటి గట్టి రబ్బరులో అపాయం తక్కువ. పైన సిలికోన్ పూత ఉన్న మూత్రపు గొట్టానికి లోపల రబ్బరే ఉండవచ్చును; పూర్తిగా సిలికోన్‌తో చేసినది అడగవలెను. ఇంజెక్షను మందుసీసాల మూతల సంగతి ఫార్మసిస్టును అడగవలెను. గోడలకు వేసే లేటెక్స్ రంగును చూసి మాత్రం భయపడనక్కరలేదు. దానిలో ఉన్నది కృత్రిమ పాలిమరు. రబ్బరు చెట్టుకు దానికి పేరులో తప్ప సంబంధం లేదు.

మూడవది, పెట్టె మీది అక్షరాలను జాగ్రత్తగా చదవవలెను. "రబ్బరు పాలతో చేసినది కాదు" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటే మంచిది. ఏ వస్తువులోనూ లేశమైనా లేదని రుజువు చేయడం కష్టం కనుక, తయారీదారులు "లేటెక్స్ లేనిది" అనడం కంటె ఇట్లా చెప్పడమే సరి అని ఎఫ్‌డీఏ 2014లో సూచించినది.

నాలుగవది, పడని సంగతిని మంచం పక్కన, ఫ్రిజ్ మీద, వైద్యుల కాగితాలలో అందరికీ కనిపించేటట్లు వ్రాసి ఉంచవలెను. చేతికి హెచ్చరిక కడియం వేయడం మరింత మేలు. స్పృహ తప్పిన మనిషి తన సంగతి తాను చెప్పుకోలేడు కదా. స్వదేశానికి వెళ్ళినపుడు కూడా ఈ కాగితం వెంట ఉండవలెను. అక్కడి ఆసుపత్రులలో రబ్బరు తొడుగుల వాడకం ఇప్పటికీ విస్తారంగా ఉన్నది.

సేవ చేసేవారి సంగతి

రోగికి ఈ సేవ కొంతకాలమే. సేవికకు ఇది జీవనోపాధి. రోజుకు నాలుగైదు ఇళ్ళు తిరిగేవారికి ఏ ఇంటిలో ఏమున్నదో తెలియదు. చెబితే పని పోతుందేమోనన్న భయంతో దురదను దాచుకొని పనిచేసేవారు ఎందరో. అట్లా దాచినకొద్దీ బీజం వృక్షమవుతుంది. చర్మం దగ్గర ఆగవలసినది ఊపిరితిత్తుల దాకా పోతుంది.

వారు తెలుసుకోదగిన ముఖ్య విషయం ఒకటి ఉన్నది. ఓషా నిబంధన ప్రకారం, మామూలు తొడుగులు పడని ఉద్యోగికి తగిన ప్రత్యామ్నాయపు తొడుగులను యజమానే సమకూర్చవలెను. ఇది దయ కాదు, చట్టం. ఎప్పుడు, ఎక్కడ, ఏ తొడుగు వాడినపుడు ఏ బాధ కలిగినదో తేదీలతో వ్రాసి ఉంచుకొని, వైద్యునికీ పై అధికారికీ చూపడం మంచిది.

సంస్థలు తమ వంతుగా ఇళ్ళకు పంపే సంచీలన్నింటిలోను రబ్బరు లేని వస్తువులే ఉంచడం అన్నింటికంటె సులువైన మార్గం. ఏ సంచీ ఎవరిదో, ఏ రోగికి ఏది పడదో వెతుక్కునే పని తప్పుతుంది. సేవికను పంపే ముందు ఆ ఇంటిలో రబ్బరు వస్తువులు ఉన్నాయేమో కుటుంబాన్ని అడగడం ఒక ఫోను మాటతో అయిపోయే పని.

రబ్బరు తొడుగులే వాడేవారు చేతులకు నూనె, వాజలీను వంటివి రాసి తొడుగు వేయరాదు. నూనె తగిలితే రబ్బరు బలహీనపడి, కనిపించని చిల్లులు పడతాయి. ఏ తొడుగు విప్పినా చేతులు కడిగి, పూర్తిగా తుడుచుకోవలెను.

ఆపద వచ్చినపుడు

ఇంటిలో ఆసుపత్రి బృందం ఉండదు. కనుక చేయవలసినది ముందే తెలిసి ఉండాలి. దద్దుర్లతో పాటు ఆయాసం, గొంతు బిగువు, తల తిరుగుడు, వాంతులు కనిపిస్తే, వెంటనే రబ్బరు వస్తువును తీసివేసి, వైద్యుడు వ్రాసి ఇచ్చిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షను పెన్నును తొడ బయటి వైపున వేసి, 911కు ఫోను చేయవలెను. వచ్చేవారికి రబ్బరు పడదని ఫోనులోనే చెప్పవలెను. మనిషిని వెల్లకిల పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టాలి. దురద మాత్రలు ఈ ఇంజెక్షనుకు బదులు కావు. కొంత తగ్గినట్లు కనిపించినా కొన్ని గంటలకు తిరగబెట్టవచ్చును కనుక ఆసుపత్రికి పోవడం మానరాదు. గుండెకు, రక్తపు పోటుకు బీటా-బ్లాకరు మందులు వాడే పెద్దలలో ఎపినెఫ్రిన్ సరిగా పనిచేయకపోవచ్చును. ఆ సంగతి ముందుగా వైద్యునితో మాట్లాడి ఉంచుకోవలెను.

రబ్బరుకు బదులు

నేడు విరివిగా వాడే నైట్రైల్, బ్యుటాడైయీన్, అక్రిలోనైట్రైల్ కలిపి చేసిన కృత్రిమ రబ్బరు. దీనిలో చెట్టు మాంసకృత్తులు ఉండవు; చిరుగుకు బాగా తట్టుకుంటుంది. వినైల్ తొడుగులు చవక గాని త్వరగా చిరుగుతాయి. కొద్దిసేపటి తేలిక పనులకే మంచివి. 1930లో డ్యూపాంట్ ప్రయోగశాలలో పుట్టిన నియోప్రీన్, కృత్రిమంగా చేసిన పాలిఐసోప్రీన్ మెత్తగా ఉండి శస్త్రచికిత్సలకు అనువైనవి, కాని ధర ఎక్కువ.

ఇంకొక ప్రత్యామ్నాయం మన పొరుగున పెరిగినదే. గ్వాయులే అనే ఎడారి పొద, మన పొలాల గట్ల మీది వయ్యారిభామకు దాయాది, రబ్బరును ఇస్తుంది. రెండవ ప్రపంచయుద్ధంలో ఆగ్నేయాసియా రబ్బరు తోటలు జపాను చేతిలో పడగానే, 1942లో అమెరికా ప్రభుత్వం ఇక్కడికి సుమారు గంట ప్రయాణంలో ఉన్న సలీనాస్ కేంద్రంగా గ్వాయులే సాగు ప్రారంభించినది. యుద్ధం ముగియగానే ఆ పంట మూలబడినది. 1990 దశకంలో బే ప్రాంతంలోనే, ఆల్బనీలోని వ్యవసాయశాఖ ప్రయోగశాలలో కత్రీనా కార్నిష్ అనే శాస్త్రజ్ఞురాలు దాని పాలలో హెవియా అలర్జీకారకాలు లేవన్న ఆధారంతో వైద్య వస్తువులకు దానిని మలిచే పని చేపట్టారు. 2008లో గ్వాయులే చేతితొడుగుకు ఎఫ్‌డీఏ అనుమతి లభించినది. హెవియాకు సాటి వచ్చే స్థాయికి అది ఇంకా చేరలేదు గాని, ప్రకృతి ఇచ్చే రబ్బరుకు ఒకే తల్లి కాదని అది నిరూపించినది.

చివరి మాట

2020 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో భోజనశాలల సిబ్బంది రబ్బరు పాల తొడుగులతో ఆహారాన్ని ముట్టరాదన్న చట్టం వచ్చినది. మన ఉగాది, సంక్రాంతి వేడుకలలో పులిహోర వడ్డించే స్వచ్ఛంద కార్యకర్తలు కూడా ఇదే నియమాన్ని పాటించడం ఎంతైనా సమంజసం. పందిట్లో బెలూన్ల స్థానంలో మామిడాకుల తోరణాలు, కాగితపు పూలు కడితే అందమూ తగ్గదు, ఎవరికీ ఆయాసమూ రాదు.

ఆ రోజు నేను డబ్బాను మూటగట్టి బయట పెట్టి, గట్టంతా తడిబట్టతో తుడిచి, నైట్రైల్ తొడుగులు తెచ్చేదాకా ఆవిడ ఓపికగా గుమ్మం బయటనే ఉన్నారు. "నాకోసం కాదు బాబూ, అమ్మగారి కోసమూ మంచిదే" అన్నారు. మరునాడు అమ్మ చేతి మీద దద్దుర్లు అణిగిపోయాయి. తన బాధను దాచుకోకుండా చెప్పిన ఒక సేవిక మాట వలన ఒక రోగి బాధ బయటపడినది. మీ ఇంటికి సాయం వచ్చేవారిని గుమ్మంలోనే "మీకు ఏమైనా పడనివి ఉన్నాయా?" అని అడగండి. ఆ తరువాత లోపలికి వెళ్ళి అమ్మను, నాన్నను కూడా అదే మాట అడగండి.